నల్లరేగడి మీది పచ్చిక: తెలుగు మైదానాల గడ్డినేలల గతం

గుంటూరు నగరానికి దక్షిణంగా ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు మీదుగా ఒంగోలు దిశగా పరచుకున్న నల్లరేగడి మైదానంలో నేడు చూపు ఆనినంత మేర పత్తి, మిరప, శనగ, పొగాకు పైర్లే కనిపిస్తాయి కాబట్టి, ఈ నేల ఆదినుంచీ నాగలి కోసమే పుట్టిందన్న అభిప్రాయం చదువుకున్నవారిలో సైతం స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయంలో సగమే నిజం. భట్టిప్రోలు, అమరావతి స్తూపాలకు దానాలిచ్చిన గృహస్థుల కాలానికే కృష్ణకు దక్షిణాన సేద్యం బలపడి ఉన్నదనడంలో సందేహం లేదు. అయినా రెండువేల ఏళ్లకు పైబడిన ఆ చరిత్రలో చాలా కాలం, దున్నిన చేల మధ్య దున్నని బీళ్లు, ఊరి పొలిమేరల్లో పచ్చిక బయళ్లు, వాగుల వెంట రెల్లు దుబ్బులు, గుట్టల పాదాల వద్ద ముళ్లపొదలతో కలిసిన గడ్డినేలలు ఉంటూనే వచ్చాయి. వాటి మీద మందలు బతికాయి, మందలతో పాటు కృష్ణజింకలు, తోడేళ్లు, బట్టమేకపిట్టలు బతికాయి. ఆ గడ్డినేలలు కరువు వల్లనో తుఫాను వల్లనో పోలేదు. ప్రభుత్వ దస్తరాలు వాటిని ఏ పద్దు కింద రాశాయో ఆ రాతే వాటి పతనానికి మొదటి కారణమన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం.

నల్లరేగడికి, గడ్డికి ఉన్న సంబంధాన్ని ముందుగా చెప్పుకోవాలి. ఈ నేలలోని బంకమన్ను వానాకాలంలో నీరు పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి మనిషి పాదం దిగబడేంత వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. ఏటేటా ఇలా ఉబ్బి విచ్చే నేలలో లేత చెట్ల వేళ్లు తెగిపోతాయి. సన్నని వేళ్లను వలలాగా అల్లుకొనే గడ్డి మాత్రం తట్టుకొని నిలుస్తుంది. పైగా గడ్డిమొక్క పెరిగే మొన ఆకు కొసన కాక నేలకు ఆనుకొని ఉంటుంది కాబట్టి, పశువు మేసినా, నిప్పు అంటుకున్నా, ఎండకు పైభాగమంతా మాడిపోయినా, తొలకరి పడిన కొద్ది రోజులకే దుబ్బు మళ్లీ చిగురిస్తుంది. దేశంలోని గడ్డిజాతులను సర్వే చేసి దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అనే శాస్త్రవేత్తలు 1973లో వెలువరించిన గ్రంథం, ద్వీపకల్పపు గడ్డినేలలను సెహిమా, డైకాంథియం అనే రెండు గడ్డిజాతుల పేరు మీద ఒకే వర్గంగా గుర్తించింది. గుంటూరు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల నేలలు ఆ వర్గంలోకే వస్తాయి. మాఘం నుంచి వైశాఖం వరకు ఎండి పాలిపోయి, ఆషాఢంలో పచ్చబడి, భాద్రపదం నాటికి మోకాలెత్తు పెరిగి కంకులు వేయడం వీటి ఏటి క్రమం. ఎండిన నెలల్లో చూసినవారికి ఇవి చచ్చిన నేలలుగా కనిపిస్తాయి, ఆ చూపే తరువాతి కాలంలో వాటికి శాపమైంది.

పందొమ్మిదో శతాబ్దపు తొలి భాగం వరకు ఈ పచ్చికలకు స్పష్టమైన ఆర్థిక ప్రయోజనం ఉండేది. రైళ్లు, కంకర రోడ్లు లేని కాలంలో తీరప్రాంతపు ఉప్పును హైదరాబాదు వైపు, ఇంకా పైకి నాగపూరు వైపు చేరవేసినవారు, బీరారు పత్తిని కిందికి తెచ్చి సర్కారు జిల్లాల నేతగాళ్లకు అందించినవారు లంబాడీలు. వారి బిడారులు, అంటే బరువు మోసే ఎడ్ల బారులు, వందల నుంచి వేల సంఖ్యలో సాగేవి. అన్ని ఎడ్లకు మేత కొని పెట్టడం ఏ వర్తకుడి తరమూ కాదు. దారి పొడవునా గడ్డి ఉచితంగా దొరకడం మీదనే ఆ రవాణా అంతా ఆధారపడింది. కాబట్టి దారి పక్కన బీడుగా పడి ఉన్న నేల నిజానికి ఆ కాలపు రహదారి వ్యవస్థలో ఒక భాగమని చెప్పడం అతిశయోక్తి కాదు. ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమలను దాటి గుంటూరు, బెజవాడలను కలిపిన మీటరుగేజి రైలు మార్గం బిడారుల చరిత్రను ముగించడంతో, పచ్చికకు ఉన్న ఒక పెద్ద అక్కర తీరిపోయింది.

రెండో అక్కర ఊరి మందలది. గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతం, దానికి ఉత్తరాన నరసరావుపేట, బాపట్ల వరకు ఉన్న పల్లెలు ఒంగోలు జాతి పశువులకు పుట్టిల్లు. బరువైన రేగడిలో గుంటక లాగగల ఎడ్లు కావాలి కాబట్టి, రైతులు తరతరాలుగా ఎత్తైన, మూపురం బలిసిన గిత్తలనే ఎంచి జతకట్టించి ఈ జాతిని నిలబెట్టారు. ఆవులు, దూడలు ఊరి పచ్చిక మీద తిరిగేవి. దుక్కిటెడ్లకు ఇంటి వద్ద జొన్న చొప్ప, పిల్లిపెసర వేసేవారు. మద్రాసు రాష్ట్రపు పశువుల శాఖలో పనిచేసిన లిటిల్‌వుడ్ 1936లో దక్షిణ భారత పశుసంపదపై వెలువరించిన గ్రంథంలో ఈ జాతికి విశేష స్థానమిచ్చాడు. ఆనాటికే ఈ పశువులు సముద్రాలు దాటి పోయాయి. 1868లో బ్రెజిల్ దేశపు సాల్వడార్ రేవులో ఒక జత దిగింది. 1878లో లెమ్‌గ్రూబర్ అనే భూస్వామి జర్మనీలోని హాంబర్గ్ జంతు ప్రదర్శనశాల నుంచి మరొక జతను కొనుక్కుపోయాడు. 1960ల ఆరంభంలో తెలుగు గడ్డ నుంచి మేలి గిత్తలను, ఆవులను బ్రెజిల్‌కు పెద్ద ఎత్తున తరలించారు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి బ్రెజిల్‌లో ఈ జాతి నెలోర్ అన్న పేరుతోనే వ్యవహారంలో ఉంది. బ్రెజిల్ మధ్యభాగంలోని సెర్రాడో అనే విశాలమైన గడ్డిమైదానాల మీద నేడు మేసే మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఈ రక్తపువే. అమెరికా టెక్సాస్ తీరపు పచ్చికల్లో రూపొందిన బ్రాహ్మన్ జాతిలోనూ దీని పాలు ఉంది. పుట్టిన మైదానంలో మేయడానికి పచ్చిక మిగలని జాతి పరాయి ఖండాల పచ్చికలను ఏలుతున్నదన్న విషయం ఏ తెలుగు పాఠకుడినైనా కలచివేయక మానదు.

దస్తరాల చరిత్రకు వస్తే, గుంటూరు మండలంలో దానికి కీలకమైన వ్యక్తి వాల్టర్ ఇలియట్. 1832–33 నాటి నందన కరువులో జిల్లా జనంలో మూడో వంతుకు పైగా నశించారని ఆనాటి అధికారుల అంచనా. దున్నేవాడు లేక ఊళ్లకు ఊళ్లే బీడు పడ్డాయి, జమీందారులు శిస్తు కట్టలేక చితికిపోయారు. జిల్లా ఇలా ఎందుకు కుప్పకూలిందో విచారించడానికి 1840లలో నియమితుడైన ఇలియట్ నివేదిక తరువాత, జమీలు సర్కారు చేతికి వచ్చి, క్రమంగా రైత్వారీ పద్ధతి, అంటే మధ్యవర్తి లేకుండా ప్రతి రైతు తన పొలానికి నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి స్థిరపడింది. ఈ ఇలియట్ కేవలం పన్నుల అధికారి కాడు. అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించి శిల్పాలను మద్రాసుకు పంపినవాడు అతడే. తెలుగు జిల్లాల మొక్కల పేర్లను తెలుగులోనే సేకరించి 1859లో ఫ్లోరా ఆంధ్రికా పేరుతో అచ్చు వేయించినవాడూ అతడే. ఏ గడ్డిని ఏ ఊరివాడు ఏమంటాడో శ్రద్ధగా రాసుకున్న మనిషి సేవించిన ప్రభుత్వమే, అదే గడ్డి మొలిచిన నేలకు తన లెక్కల్లో విలువ లేదని తీర్మానించడం ఈ చరిత్రలో గమనించదగిన వైరుధ్యం.

రైత్వారీ లెక్కల్లో నేల మూడు నాలుగు పద్దులుగా విడిపోయింది. శిస్తు కట్టే పట్టా భూమి ఒకటి. శిస్తు నిర్ణయించినా దున్నేవాడు లేని బంజరు మరొకటి. ఊరి ఉమ్మడి అవసరాలకు విడిచిపెట్టిన పోరంబోకు ఇంకొకటి. పశువులు తిరిగే నేలను మేత పోరంబోకు అనీ, మందలు నిలిచే చోటును మందబయలు అనీ రాసేవారు. పైకి ఇది ఊరి ఆచారాన్ని గౌరవించిన ఏర్పాటుగానే కనిపిస్తుంది గాని, లోతుగా చూస్తే శిస్తు రాని నేల అంతా ఏదో ఒకనాటికి శిస్తు వచ్చే నేలగా మారవలసిందే అన్న భావన ఆ పద్దుల నిండా ఉంది. గడ్డి పంట కాదు కాబట్టి గడ్డి పెరిగే నేల ఖాళీ నేల. దరఖాస్తు పెట్టుకున్నవాడికి దాన్ని ఇవ్వవచ్చు. ఈ ఒక్క సూత్రం వంద సంవత్సరాల్లో చేసిన మార్పు ఏ కరువూ చేయలేదు.

దానికి పత్తి ధర తోడైంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండుకు ఆగిపోవడంతో, దక్కను, సర్కారు జిల్లాల పత్తికి అంతకుముందు ఎరుగని గిరాకీ వచ్చింది. గుంటూరు రేగడిలో పండి కాకినాడ రేవు ద్వారా ఎగుమతి అయిన, కొంత ఎర్రఛాయ గల దూదిని ప్రపంచ వర్తకంలో కోకనాడ పత్తి అనేవారు. యుద్ధం 1865లో ముగిసి ధర పడిపోయినా విత్తిన నేల మళ్లీ బీడుగా మారలేదు. బీడును చేనుగా మార్చడం సులభమైన పని కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి: దర్భ, గరిక వంటి గడ్డి వేళ్లు మామూలు నాగలికి లొంగవు, అందువల్ల రాయలసీమ రేగళ్లలో అనేక జతల ఎడ్లను కట్టి లాగించే పెద్ద మడకతో మూరెడు లోతుకు పెళ్లగించి, ఎండకు వేళ్లు మాడేవరకు వదిలి, ఆ తరువాతనే గుంటక తోలి గొర్రుతో విత్తేవారు. అమెరికాలో జాన్ డీర్ 1837లో తయారుచేసిన ఉక్కు నాగలి అక్కడి ప్రెయిరీల, అంటే చెట్లు లేని ఆ విశాలమైన గడ్డిమైదానాల, గట్టి పచ్చికను చీల్చిన కథ అందరికీ తెలుసు. రేగడి పచ్చికను చీల్చిన పెద్ద మడక కథ మాత్రం గెజెటీర్ల పుటల్లోనే ఉండిపోయింది.

చదును మైదానంలో పచ్చిక ఇలా తరిగిపోతున్న కాలంలోనే, పడమట పల్నాడులో మిగిలి ఉన్న కొండ పచ్చికల మీద మరొక రకమైన ఆంక్ష వచ్చింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవులుగా ప్రకటించిన ప్రాంతాల్లో పశువులు మేపడానికి అనుమతి చీటీ, రుసుము తప్పనిసరి అయ్యాయి. ఆ రుసుమునే పుల్లరి అన్నారు. పల్నాడు అప్పట్లో రాతినేలల, వానాధారపు తాలూకా; పంట తక్కువ, పశువే ఆస్తి. నిన్నటిదాకా తాతతండ్రుల మందలు తిరిగిన చోట నేడు డబ్బు కట్టి మేపవలసి రావడం, కట్టలేనివారి పశువులను బందెలదొడ్డికి తోలుకుపోవడం, అటవీ ఉద్యోగుల బెదిరింపులు కలిసి, 1921లో సహాయ నిరాకరణోద్యమం వచ్చేసరికి మాచర్ల, దుర్గి పరిసరాల్లో తిరుగుబాటు రూపం దాల్చాయి. పుల్లరి కట్టకుండానే పశువులను అడవికి తోలారు. అటవీ ఉద్యోగులకు నీళ్లు, నిప్పు, చాకలి, మంగలి లేకుండా కట్టడి చేశారు. పరిస్థితిని చూడటానికి వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ అరెస్టయి జైలు పాలయ్యాడు. మాలపల్లి నవల ఆయన ఆ జైలులో రాసినదే. పల్నాటి ఉద్యమానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు.

సరిగ్గా అదే శీతకాలంలో ప్రత్తిపాడుకు ఆనుకొని ఉన్న పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన భూమిశిస్తు నిరాకరణ జరిగింది. కరణాలు, మునసబులు రాజీనామాలు ఇచ్చారు, శాంతిసేన పేరుతో యువకులు ఊరూరా కట్టుదిట్టంగా పనిచేశారు, చౌరీచౌరా ఘటన తరువాత గాంధీ ఉద్యమాన్ని ఆపివేసేవరకు శిస్తు వసూలు దాదాపు నిలిచిపోయింది. చరిత్ర పుస్తకాల్లో పెదనందిపాడు, పల్నాడు ఉదంతాలను రెండు వేర్వేరు అధ్యాయాలుగా రాయడం ఆనవాయితీ. వాటిని పక్కపక్కన పెట్టి చదివితేనే వాటి అర్థం పూర్తిగా తెలుస్తుంది. ఒకే జిల్లాలో, ఒకే ఏట, రేగడి రైతు దున్నిన నేల మీది పన్నును ప్రశ్నించాడు, కొండ పాదాల కాపరి దున్నని నేల మీది పన్నును ప్రశ్నించాడు. మొదటివాడి భూమి హక్కు ఆ తరువాతి దశాబ్దాల్లో బలపడింది. రెండోవాడి మేత హక్కుకు అటువంటి భాగ్యం కలగలేదు. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలాక పల్నాడు, వినుకొండ ప్రాంతాల బీళ్లు కూడా మాగాణి, పత్తి చేలుగా మారడంతో ఆ హక్కు అడిగేందుకు నేలే మిగలలేదు.

ఈ పచ్చికల మీద బతికిన అడవి జీవాల గురించి నమ్మదగిన తొలి రాతలు థామస్ జెర్డన్‌వి. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా చేరి, కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్, 1862–64 మధ్య వెలువడిన తన భారతదేశపు పక్షుల గ్రంథంలో ప్రతి పక్షికి దేశభాషల పేర్లు కూడా ఇచ్చాడు. బట్టమేక, నేలనెమలి అన్న తెలుగు పేర్లు అలా అచ్చులోకి ఎక్కాయి. బట్టమేక మీటరు ఎత్తు ఉండి, మగపక్షి పదిహేను కిలోల దాకా తూగే నేలపక్షి. ఎగరగల పక్షుల్లో అత్యంత బరువైనవాటిలో ఒకటి. జతకట్టే కాలంలో మగపక్షి గొంతు కింది తిత్తిని గాలితో నింపి తెల్లని సంచిలా వేలాడదీసి, తోకను వీపు మీదికి విరిచి, చాలా దూరం వినిపించే గంభీరమైన హుంకారం చేస్తుంది. ఆడది ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు, అదీ గూడు లేకుండా వట్టి నేల మీద పెడుతుంది. నక్క, కుక్క, పశువు కాలిడెక్క, వేటగాడి తుపాకీ, వీటన్నిటి మధ్య ఒకే గుడ్డుతో వంశం నిలబెట్టుకోవలసిన ఈ పక్షికి ఆధారం ఒక్కటే, విశాలంగా చూపుకు అడ్డులేని గడ్డినేల. అదే నేలలో కృష్ణజింకల మందలు ఉండేవి. వాటిని తరిమి పట్టే చీతాను హైదరాబాదు ప్రభువులు మచ్చిక చేసి వేటకు వాడేవారు. దేశంలో చివరి చీతాలను మధ్య భారతంలోని కొరియా సంస్థానాధీశుడు 1947లో కాల్చాడని అందరూ చెప్పుకుంటారు గాని, చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిన వార్తను బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రిక 1952లో ప్రచురించింది. ఆ జంతువు దేశంలో అంతరించిందని ప్రకటించింది కూడా అదే ఏడాది.

అడవి జీవాలను చూడటానికి జనం వెళ్లే చోట్లు, అంటే జాతీయోద్యానాలు, ఏర్పడిన తీరులోనూ గడ్డినేల చివరి వరసలోనే నిలిచింది. ప్రపంచంలో మొదటి జాతీయోద్యానమైన అమెరికాలోని యెల్లోస్టోన్ 1872లో కొండలు, వేడినీటి బుగ్గల కోసం ఏర్పడింది. అదే దేశంలో పొడవు గడ్డి పెరిగే ప్రెయిరీ కోసం కాన్సాస్ రాష్ట్రంలో ఒక జాతీయ రక్షిత ప్రాంతం ఏర్పడటానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికి ఆ రకం ప్రెయిరీలో నూటికి నాలుగు పాళ్లు కూడా మిగలలేదు. డల్లాస్, కాన్సాస్ సిటీ, షికాగో నగరాల్లో స్థిరపడిన పిల్లల వద్దకు వేసవిలో వెళ్లే గుంటూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు ఇప్పుడు ఆ మైదానాలను, అడవిదున్నను పోలిన బైసన్ మందలను చూసి వస్తున్నారు. అక్కడి నల్లమట్టి, గోధుమ, మొక్కజొన్న కింద మాయమైన గడ్డి, నామమాత్రంగా మిగిల్చిన ముక్క, ఇవన్నీ వారి సొంత ఊరి చరిత్రకు దగ్గరివే. తెలుగు రాష్ట్రాల్లోనూ అదే వరస. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీవేంకటేశ్వర, పాపికొండ జాతీయోద్యానాలు కొండ అడవులు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం నల్లమల అడవి. హైదరాబాదు శివారులో నిజాముల వేటమైదానంగా ఉండి, మహావీరుని పేరు ధరించి, 1994లో జాతీయోద్యానమైన హరిణ వనస్థలి కృష్ణజింకల కోసం ఏర్పడినదే అయినా, అది ఇప్పుడు మహానగరం నడుమ చిక్కుకున్న ముక్క.

తెలుగు నేలలో ప్రధానంగా గడ్డినేల కోసమే, దానిని నమ్ముకున్న పక్షి కోసమే ఏర్పడిన కేంద్రంగా చెప్పదగినది రోళ్లపాడు. నల్లమలకు ఈవల గుంటూరు రేగడి, ఆవల నంద్యాల, కర్నూలు రేగడి. ఈవలి మైదానం పూర్తిగా నాగలి కిందికి పోగా, ఆవలి వైపు నందికొట్కూరు ప్రాంతంలో, మిడుతూరు మండలంలోని రోళ్లపాడు చుట్టూ బట్టమేకలు మిగిలి ఉన్నాయని 1980ల ఆరంభంలో బయటి ప్రపంచానికి తెలిసింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పరిశోధకులు అక్కడ మకాం పెట్టి అసద్ రహ్మానీ, రంజిత్ మనకదన్ వంటి వారి ఆధ్వర్యంలో ఏళ్ల తరబడి పక్షులను అధ్యయనం చేశారు. 1988లో 614 హెక్టార్ల నేలను అభయారణ్యంగా ప్రకటించారు. కంచె వేసిన గడ్డిలో పక్షులు గుడ్లు పెట్టేవి; మేతకు చుట్టుపక్కల జొన్న, కొర్ర, పెసర చేలలోకి వెళ్లి మిడతలు, పురుగులు, గింజలు ఏరుకునేవి. అంటే పక్షికి గడ్డి ఎంత అవసరమో, వానాధారపు పాత పద్ధతి సేద్యం కూడా అంతే అవసరమన్నమాట. వానాకాలంలో నేలనెమళ్లు కూడా అక్కడికి వచ్చేవి. గడ్డి ఎత్తు దాటి పైకెగిరి దూకే ఆ మగపక్షుల విన్యాసాన్ని చూడటానికి దేశవిదేశాల నుంచి పక్షి ప్రేమికులు వచ్చిన రోజులు ఉన్నాయి.

ఆ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. కాలువ నీరు, అలగనూరు జలాశయం వచ్చాక చుట్టుపక్కల చిరుధాన్యపు చేలు పత్తి, పొద్దుతిరుగుడు, పొగాకు వైపు మళ్లాయి. పురుగుమందుల వాడకం పెరిగి పక్షికి ఆహారమైన మిడతలు తగ్గాయి. కంచె లోపల రక్షణ దొరికిన కృష్ణజింకలు మాత్రం వృద్ధి చెంది, రాత్రిపూట వేరుశనగ, శనగ చేల మీద పడసాగాయి. నష్టపరిహారం అందక, మేత నేల కంచె పాలై, రెండు విధాలా నష్టపోయిన రైతుకు బట్టమేక పేరే కంటగింపు కావడం సహజం. మధ్యప్రదేశ్‌లో ఇదే పక్షి కోసం ఏర్పడిన కరేరా అభయారణ్యంలోనూ జింకలు పెరిగి, రైతులు విసిగి, చివరకు పక్షే కనుమరుగైంది. రోళ్లపాడులో 2010 తరువాత ఒకటీ అరా బట్టమేక కనిపించడమే వార్త అయింది. 2011లో ఈ జాతిని ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. దేశం మొత్తం మీద మిగిలినవి నూట యాభైకి మించవని, వాటిలో చాలావరకు రాజస్థాన్‌లోనే ఉన్నాయని నిపుణుల అంచనా. కళ్లు తల పక్కలకు ఉండి, ఎదుట ఉన్న తీగను సరిగా చూడలేని ఈ బరువైన పక్షి విద్యుత్ లైన్లకు తగిలి చనిపోతున్నదని 2021లో సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలో లైన్లను భూగర్భంలో వేయమని ఆదేశించి, 2024లో ఆ ఆదేశాన్ని సడలించింది.

స్వాతంత్ర్యానంతర ప్రభుత్వాలు కూడా పాత దస్తరాల చూపును వదలలేదన్నది విచారించవలసిన సంగతి. 1985లో ఏర్పడిన జాతీయ బంజరుభూముల అభివృద్ధి మండలి చెట్లు లేని నేలంతా చెట్లు నాటవలసిన నేలగానే భావించింది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2000 సంవత్సరం నుంచి వెలువడుతున్న బంజరుభూముల పటాల సంపుటాలు గడ్డి, పొదలతో ఉన్న నేలలను సైతం బంజరు కిందే చూపాయి. ప్రకాశం జిల్లాలో బీళ్లు జామాయిల్, సుబాబుల్ తోటలయ్యాయి. ఊరి పోరంబోకులను సర్కారు తుమ్మ కమ్మేసింది. రోళ్లపాడు ఉన్న కర్నూలు పీఠభూమిలోనే ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వచ్చింది. సౌరవిద్యుత్ అవసరమైనదే, కాని ప్రతి పెద్ద పథకానికి మొదట చూపే నేల దున్నని నేలే కావడం యాదృచ్ఛికం కాదు. 2025 వసంతంలో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని నాలుగు వందల ఎకరాల్లో చెట్లు, పొదలు నరికివేతను సుప్రీంకోర్టు ఆపించినప్పుడు, ఆ నేల అడవా కాదా అన్నదాని మీదనే వాదమంతా నడిచింది. కంచ అంటే తెలంగాణలో పశువుల మేతకు కాపాడుకునే గడ్డినేల. అడవి కాకపోయినా అది కాపాడదగినదే అన్న మాట ఆ వాదంలో అరుదుగా వినిపించింది.

గడ్డినేలను కాపాడే పద్ధతి మీద శాస్త్రవేత్తల్లో ఇప్పుడు ఒక స్పష్టత వచ్చింది. మేత పూర్తిగా ఆపిన పచ్చిక కొన్నేళ్లకే ఎత్తైన, దట్టమైన గడ్డిగా, ఆపైన పొదలుగా మారుతుంది. మేత మితిమీరితే నేల బోడిగా మారుతుంది. బట్టమేక గుడ్డు పెట్టడానికి కొంచెం ఎత్తైన గడ్డి, తిరిగి ఏరుకోవడానికి పొట్టి గడ్డి రెండూ పక్కపక్కనే కావాలి. అటువంటి నేలను ఏ యంత్రమూ తయారు చేయలేదు, కాలం ఎరిగి తిప్పే మందలే చేయగలవు. గడ్డినేలల మీద 2006లో కేంద్ర ప్రణాళికా సంఘానికి రహ్మానీ నేతృత్వంలోని కార్యదళం ఇచ్చిన నివేదిక, పచ్చికలకు జాతీయ స్థాయిలో విధానమంటూ లేకపోవడాన్ని ఎత్తిచూపింది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ల, పశుకాపరుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. రోళ్లపాడు వంటి చోట గడ్డి మళ్లీ పక్షికి పనికిరావాలంటే, గుడ్లు పెట్టే నెలల్లో మందలను ఆపి, మిగతా నెలల్లో ఊరి గొర్రెల, పశువుల కాపరులను రుసుము లేకుండా లోపలికి పిలిచి, జింకల వల్ల పోయిన పంటకు ఆ పంట కాలంలోనే పరిహారం ఇచ్చి, జొన్న, కొర్ర వేసే రైతుకు గిట్టుబాటు కల్పించవలసి ఉంటుంది. ఆ పని చేయవలసిన అటవీ శాఖ, పల్నాడులో పుల్లరి వసూలు చేసిన శాఖకు వారసురాలే. కాపరుల ఊళ్లు మాత్రం ఆ చరిత్రను మరిచిపోలేదు.